దూరపు కాలినడకలో పాదాల, కాళ్ల సమస్యలు – నివారణ, చికిత్స

రోజుల తరబడి నడిచేవారి కాళ్లకు వచ్చే ఇబ్బందుల్లో కొన్ని పైకి కనిపిస్తాయి, కొన్ని కనిపించవు. బొబ్బలు, కాలిన గాయాలు, మడమ పగుళ్లు, వేళ్ల సందుల్లో పుండ్లు, ముళ్లు, తొడలు ఒరుసుకోవడం చర్మానికి సంబంధించినవి. పిక్కలు పట్టేయడం, మడమ నొప్పి, మోకాళ్ల వాపు, చీలమండ బెణకడం, ఎముకలో సన్నని పగులు రావడం లోపలివి. వీటిలో చాలావరకు ప్రాణానికి ముప్పు లేనివే. అయితే నిర్లక్ష్యం చేసిన చిన్న బొబ్బ చక్కెర వ్యాధి ఉన్నవారిలో వేలు పోవడానికి, ఒక్కోసారి పాదమే పోవడానికి దారితీస్తుంది. వీటిలో ఎక్కువ భాగం రాకుండా ఆపగలిగినవే కాబట్టి ఈ విషయం తెలుసుకోవడం ఎంతో అవసరం.

నడక దారులు

రాయలసీమలో దూరపు నడక ఈనాటిది కాదు. ఒంటిమిట్ట కోదండరామాలయం కడప నుంచి రేణిగుంట వెళ్లే రహదారి పక్కనే ఉంది. కడప నుంచి ఇక్కడికి దాదాపు 25 కిలోమీటర్లు. అలవాటు ఉన్నవారికి ఒక రోజు నడక, లేనివారికి రెండు రోజులది. 2015లో ఈ ఆలయం తిరుమల తిరుపతి దేవస్థానాల నిర్వహణలోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తరఫున శ్రీరామనవమి ఉత్సవాలు ఇక్కడే జరుగుతున్నాయి. సీతారాముల కల్యాణం ఇక్కడ రాత్రిపూట, వెన్నెల్లో చేస్తారు. ఆ రోజులు మార్చి, ఏప్రిల్ నెలల్లో వస్తాయి. అప్పటికే సీమలో ఎండ ముదిరి ఉంటుంది.

ఇదే రహదారి మీద ముందుకు సాగితే రాజంపేట, దానికి దగ్గరలో అన్నమాచార్యుల ఊరు తాళ్లపాక, ఆ తర్వాత రైల్వేకోడూరు వస్తాయి. కుక్కలదొడ్డి దగ్గర శేషాచలం అడవిలోకి దిగి తిరుమల చేరే పాత బాటను జనం అన్నమయ్య కాలిబాట అంటారు. అన్నమాచార్యులు (1408–1503) ఎనిమిదేళ్ల వయసులో తిరుమలకు నడిచి వెళ్లారని ఆయన మనవడు చిన్నన్న రాసిన ద్విపద కావ్యం ‘అన్నమాచార్య చరిత్రము’ చెబుతుంది. చెప్పులతో మోకాళ్ల మిట్ట ఎక్కలేక, ఆకలితో సొమ్మసిల్లిన ఆ బాలుడికి కలలో అలమేలుమంగ కనిపించి, ఈ కొండ సాలగ్రామమయం, చెప్పులు విడిచి ఎక్కమని చెప్పి ప్రసాదం పెట్టిందని కథ. కొండ మీద చెప్పులు వేసుకోకూడదన్న భక్తుల నమ్మకానికి ఈ కథ గొప్ప బలం. ఆ నమ్మకాన్ని గౌరవిస్తూనే పాదాలను ఎలా కాపాడుకోవాలన్నది ఈ వ్యాసంలో ముఖ్యమైన ప్రశ్న.

సీమకు ఉత్తరాన మరో పెద్ద నడక ఉంది. ఉగాది ముందు కర్ణాటక నుంచి వేలాది భక్తులు వందల కిలోమీటర్లు నడిచి శ్రీశైలం వస్తారు. కర్నూలు, ఆత్మకూరు దాటి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా నల్లమల అడవిలో సాగి కైలాసద్వారం దగ్గర పైకి తేలతారు. కొందరు కర్రకాళ్ల మీద నడుస్తారు. మహాశివరాత్రికి తెలుగు జిల్లాల వారు కూడా ఈ బాటనే పడతారు.

రాజకీయ పాదయాత్రలకూ తెలుగు నేల కొత్త కాదు. 2003 ఏప్రిల్ 9న చేవెళ్లలో బయలుదేరిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి జూన్ 15న ఇచ్ఛాపురం చేరేసరికి దాదాపు 1,475 కిలోమీటర్లు నడిచారు. మధ్యలో రాజమండ్రి దగ్గర ఎండదెబ్బతో అస్వస్థులై కొన్నాళ్లు ఆగవలసి వచ్చింది. 2017 నవంబర్ 6న ఇడుపులపాయలో మొదలైన వై.ఎస్. జగన్‌మోహన్‌రెడ్డి యాత్ర 341 రోజుల్లో 3,648 కిలోమీటర్లు సాగింది. లెక్క వేస్తే రోజుకు 11 కిలోమీటర్ల లోపే. నెలల తరబడి నడవాలంటే రోజువారీ దూరం ఎంత తక్కువగా పెట్టుకోవాలో ఈ అంకె చెబుతుంది. మన భక్తులు సెలవు దొరికిన మూడు రోజుల్లో రోజుకు ముప్పై, నలభై కిలోమీటర్లు లాగేయాలని చూస్తారు. కష్టాలు అక్కడే మొదలవుతాయి.

బొబ్బలు

నడిచేవారిని అందరికంటే ఎక్కువగా ఏడిపించేది బొబ్బే. చర్మం రాసుకుపోవడం వల్లే బొబ్బ వస్తుందని అనుకుంటాం. అసలు జరిగేది వేరు. అడుగు పడినప్పుడు చర్మం పై పొర చెప్పుకో సాక్సుకో అతుక్కుని ఆగుతుంది, లోపలి ఎముక మాత్రం ముందుకు జరుగుతుంది. మధ్యలో ఉన్న పొరలు అటూ ఇటూ సాగుతాయి. వేల అడుగుల తర్వాత అవి చీలతాయి, ఆ చీలికలోకి నీరు ఊరుతుంది. కొద్దిగా చెమర్చిన చర్మం పొడి చర్మం కన్నా గట్టిగా అతుక్కుంటుంది. చెమట, వేడి, కొత్త చెప్పులు, పొడవాటి అడుగులు కలిస్తే బొబ్బకు అన్నీ అమరినట్టే.

బొబ్బ లేచే ముందు ఆ చోట మంట పుడుతుంది, చర్మం ఎర్రబడుతుంది, తాకితే వెచ్చగా తగులుతుంది. నడకలో అన్నిటికన్నా విలువైన ఘడియ ఇదే. అప్పుడే ఆగి, రాయి మీదో కల్వర్టు గోడ మీదో కూర్చుని, కాలు తుడుచుకుని, అక్కడ టేపు అతికిస్తే చాలాసార్లు బొబ్బ లేవదు. ‘ఇంకో ఊరు దాటాక చూద్దాం’ అనుకుంటే ఆ ఊరికి చేరేసరికి చింతగింజంత బొబ్బ ఉంటుంది. తోటివారు ముందుకు పోతున్నారన్న మొహమాటంతో ఆగనివారే ఎక్కువ. గుంపును నడిపించే పెద్దలు మొదటి గంట తర్వాత అందరినీ ఒకసారి కూర్చోబెట్టి పాదాలు చూసుకోమనడం మంచి పద్ధతి.

నివారణకు ఖరీదైన వస్తువులు అవసరం లేదు. మందుల షాపులో దొరికే కాగితపు సర్జికల్ టేపును బొబ్బ వచ్చే చోట ముందే అతికిస్తే బొబ్బలు దాదాపు 40 శాతం తగ్గాయని దూరపు పరుగు పందేలలో చేసిన ఒక అధ్యయనం 2016లో తేల్చింది. టేపు ముడత పడకూడదు, మూలలు గుండ్రంగా కత్తిరించాలి, వేలి చుట్టూ బిగించి కట్టకూడదు. చెమట తగ్గించే మందు పూసుకున్న అమెరికా సైనిక విద్యార్థుల్లో 21 కిలోమీటర్ల నడక తర్వాత 21 శాతం మందికే బొబ్బలొస్తే, ఉత్తుత్తి మందు పూసుకున్నవారిలో 48 శాతం మందికి వచ్చాయి. అయితే మందు పూసుకున్నవారిలో సగానికి పైగా చర్మం మండిందన్నారు. కాబట్టి దీన్ని యాత్ర రోజున కొత్తగా ప్రయత్నించకూడదు.

నూలు సాక్సు చెమటను పీల్చి అట్టే పెట్టుకుంటుంది. చెమటను బయటికి పంపే పాలియెస్టర్ కలిసిన సాక్సులు మేలు. పలుచనివి రెండు జతలు ఒకదాని మీద ఒకటి తొడిగితే రాపిడి ఆ రెంటి మధ్యే తీరుతుంది. బూటు సాయంత్రం పూట కొనాలి, ఎందుకంటే పాదం పొద్దుటి కన్నా సాయంత్రానికి ఉబ్బి ఉంటుంది. బొటనవేలి ముందు ఒక వేలి మందం ఖాళీ ఉండాలి. కొత్త జోడుతో యాత్ర మొదలుపెట్టకూడదు, కనీసం రెండు మూడు వారాలు ఊళ్లో తొడిగి తిరగాలి. మనవాళ్లు ఎక్కువగా హవాయి చెప్పులతో నడుస్తారు. ఆ చెప్పు జారిపోకుండా ప్రతి అడుగులో వేళ్లు ముడుచుకుంటాయి. బొటనవేలి సందు పుండు పడటానికి, పిక్క అలసిపోవడానికి అదే కారణం. వెనక పట్టీ ఉన్న శాండల్ అంతకన్నా నయం. గోళ్లు నేరుగా కత్తిరించుకోవాలి, మూలలు లోతుగా కోస్తే గోరు కండలోకి దిగుతుంది.

బొబ్బ లేచాక ఏం చేయాలి? చిన్నదైతే, నొప్పి లేకపోతే ముట్టుకోకూడదు. మెత్తటి పట్టీ మధ్యలో రంధ్రం చేసి, బొబ్బ ఆ రంధ్రంలోకి వచ్చేలా అతికిస్తే బరువు దాని మీద పడదు. పెద్దదై అడుగు పడనివ్వకపోతే నీరు తీయవచ్చు. ముందు సబ్బుతో చేతులు, కాలు కడుక్కోవాలి. ఇంజెక్షన్ సూది కొత్తది తీసుకోవాలి, లేదా సూదిని స్పిరిట్‌తో తుడవాలి. బొబ్బ నడిమధ్య పొడవకుండా కింది అంచున రెండు చోట్ల గుచ్చి, శుభ్రమైన గాజు గుడ్డతో మెల్లగా ఒత్తితే నీరు దిగిపోతుంది. పై చర్మాన్ని ఊడబీకకూడదు, దాని కింద కొత్త చర్మం వచ్చేదాకా అదే కట్టు. పొవిడోన్ అయొడిన్ మందు రాసి, అంటుకోని గాజు గుడ్డ పెట్టి టేపు వేయాలి, రాత్రికి మార్చాలి. లోపల నెత్తురు కనిపిస్తున్న బొబ్బను, చక్కెర వ్యాధి ఉన్నవారి బొబ్బను సొంతంగా గుచ్చకూడదు.

బొబ్బలోకి సూదితో దారం ఎక్కించి వదిలేసే అలవాటు స్పెయిన్‌లోని సాంటియాగో యాత్రికుల నుంచి మన గుంపుల దాకా ఉంది. నీరు కారుతుందన్నది నిజమే. కానీ ఆ దారం వెంటే దుమ్ము, క్రిములు లోపలికి పోతాయి. అలాగే సున్నం, బీడీ బూడిద, టూత్‌పేస్టు పూయడం వల్ల పుండు పెరుగుతుందే తప్ప తగ్గదు.

ఎండ, తారురోడ్డు, ఉత్త కాళ్లు

మొక్కు ఉన్నవారు చెప్పులు లేకుండా నడుస్తారు. పొలంలో, అడవి బాటలో, పొద్దుటి పూట అది పెద్ద కష్టం కాదు. తారురోడ్డు సంగతి వేరు. కడపలో వేసవి పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. అలాంటి ఎండలో నల్లటి తారు 60 డిగ్రీలకు పైగా కాగుతుంది. ఆ వేడికి కొన్ని సెకన్ల తాకిడి చాలు, చర్మం కాలిపోతుంది. గుడి ఆవరణల్లో పరిచిన బండలు కూడా తక్కువేమీ కావు. తిరుమల మాడ వీధుల్లో చలువ రంగు వేసి, పట్టాలు పరిచి, నీళ్లు చల్లేది అందుకే.

జీవితమంతా చెప్పులు లేకుండా తిరిగినవారి అరికాళ్లు మందంగా ఉంటాయి. ఆ మందం వల్ల పాదానికి స్పర్శ తగ్గదని కెన్యా ప్రజల పాదాలను పరిశీలించిన ఒక పరిశోధన 2019లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. అంటే ప్రకృతి ఇచ్చిన ఆ అట్ట మంచి రక్షణే. కానీ అది ఏళ్ల మీద వచ్చేది. ఏడాదంతా బూట్లు వేసుకుని ఆఫీసులో కూర్చున్నవారికి మాల వేసుకున్న వారంలో రాదు. మొక్కుకునేవారు ఈ తేడాను ఒప్పుకోవాలి.

ఉత్త కాళ్లతో నడవక తప్పనివారు వేళను మార్చుకోవాలి. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకు బయలుదేరి పది లోపు ఏ చెట్టు కిందికో సత్రానికో చేరుకోవాలి. మళ్లీ సాయంత్రం రోడ్డు చల్లబడ్డాకే అడుగు పెట్టాలి. చీకట్లో నడిచేటప్పుడు టార్చి, మెరిసే పట్టీ ఉండాలి, ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించేలా కుడి పక్క నడవాలి. గుడి గడప దాకా మందపాటి చెప్పులతో నడిచి, అక్కడ విడిచి లోపలికి వెళ్లడం వల్ల మొక్కు చెడదని పెద్దలు ఒక మాట చెబితే ఎన్నో పాదాలు బతుకుతాయి. చరక సంహిత సూత్రస్థానం ఐదో అధ్యాయం రోజువారీ అలవాట్లలో పాదాలకు నూనె మర్దనాను ఎంత మెచ్చుకుందో, పాదరక్షలు ధరించడాన్నీ అంతే మెచ్చుకుంది.

అరికాలు కాలితే వెంటనే మామూలు చల్లటి నీటి ధార కింద 20 నిమిషాలు ఉంచాలి. ఐసు పెట్టకూడదు. బొబ్బలు చిట్లించకుండా శుభ్రమైన గుడ్డ కప్పి ఆసుపత్రికి వెళ్లాలి. ఆ రోజుకు నడక ఆపాల్సిందే.

చక్కెర వ్యాధి ఉన్నవారు

2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి చక్కెర వ్యాధి ఉంది. నడిచే గుంపుల్లో వీరు తప్పక ఉంటారు. ఈ జబ్బు ఏళ్ల తరబడి ఉంటే పాదాల నరాలు మొద్దుబారతాయి, రక్త ప్రసారం తగ్గుతుంది. రోడ్డు కాలుతున్నా తెలియదు, ముల్లు దిగినా తెలియదు. సాక్సు మీద నెత్తుటి మరక చూశాకే గాయం సంగతి తెలుస్తుంది. నొప్పి లేదు కాబట్టి ఏమీ కాలేదనుకుని నడుస్తూనే ఉంటారు.

పాదంలో స్పర్శ ఉందో లేదో చూడటం సులభం. 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగును అరికాలి మీద కొన్ని చోట్ల ఆనించి, తగులుతోందా అని అడుగుతారు. ఎన్నో ఆసుపత్రుల్లో దొరికే, నిమిషాల్లో అయిపోయే పరీక్ష ఇది. ఇందులో స్పర్శ లేదని తేలినవారు ఉత్త కాళ్లతో ఒక్క అడుగు కూడా నడవకూడదు, మొక్కు ఎంతటిదైనా సరే. స్పర్శ ఉన్నవారు కూడా రోజుకు రెండుసార్లు అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోవాలి. కింద అద్దం పెట్టుకుని చూడవచ్చు, లేదా పక్కవారిని చూడమనవచ్చు. నీటి వేడిని కాలితో కాక మోచేత్తో పరీక్షించాలి. పాదం ఒక్కసారిగా ఉబ్బి, ఎర్రబడి, రెండో దానికన్నా వేడిగా ఉండి, నొప్పి అంతగా లేకపోతే అది ఎముకలు కుంగే జబ్బు కావచ్చు. దాని మీద నడిచిన ప్రతి రోజూ పాదం ఆకారం చెడిపోతుంది. అప్పటికప్పుడు బండి ఎక్కాలి.

ముళ్లు, ఒరుపు

సీమ బాటల్లో కంప ముళ్లు, రేగు ముళ్లు, పల్లేరు కాయలు కొత్త కాదు. ముల్లును పట్టకారుతో దిగిన దారిలోనే లాగి, సబ్బు నీటితో కడగాలి. ధనుర్వాతం టీకా తీసుకుని ఐదేళ్లు దాటితే మళ్లీ వేయించుకోవడం మంచిది. కంప ముల్లు కొన విరిగి లోపల ఉండిపోతే, ముఖ్యంగా కీలు దగ్గర, వారాల తర్వాత కూడా వాపు తగ్గదు. అలాంటప్పుడు ముల్లు ఉందన్న సంగతి డాక్టరుకు చెప్పాలి, ఎందుకంటే మామూలు ఎక్స్‌రేలో అది చాలాసార్లు కనిపించదు.

తొడలు ఒరుసుకుంటే నడక నరకమవుతుంది. బయలుదేరే ముందే కొబ్బరి నూనె లేదా వాజిలైన్ రాసుకుని, బిగుతు లోదుస్తులు వేసుకోవాలి. తడి పంచెతో, తడి చీరతో నడవకూడదు.

కండరాలు, కీళ్లు, ఎముకలు

అలవాటు లేని నడక తర్వాత రెండో రోజు, మూడో రోజు కాళ్లు పీకడం మామూలే, అది మెల్లగా నడిస్తే సర్దుకుంటుంది. పిక్క గట్టిగా పట్టేస్తే కాలు చాపి, పాదం వేళ్లను మోకాలి వైపు లాగి అర నిమిషం పట్టి ఉంచాలి. మడమ నొప్పి మరో రకం. పొద్దున లేచి మొదటి అడుగు వేసినప్పుడు గుచ్చినట్టు ఉండి, నాలుగు అడుగులయ్యాక తగ్గుతుంది. అరికాలి పట్టీ మడమకు అతుక్కునే చోట దెబ్బతినడం దీనికి కారణం. గోడకు చేతులు ఆనించి పిక్కలు సాగదీయడం, చల్లటి నీళ్ల సీసాను అరికాలి కింద దొర్లించడం, మెత్తటి మడమ ఉన్న చెప్పులు వేసుకోవడం దీనికి మందు.

మోకాళ్ల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, దిగేటప్పుడు కీలు దెబ్బతింటుంది. మెట్టు దిగే ప్రతిసారీ శరీర బరువుకు కొన్ని రెట్లు మోకాటి చిప్ప మీద పడుతుంది. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు. నడిచి ఎక్కి బస్సులో దిగే మన అలవాటు మోకాళ్లకు ఎంతో మంచిది. నల్లమలలో భీముని కొలను వైపు దిగే మెట్లకు అలాంటి వీలు లేదు. అక్కడ చేతికర్ర కావాలి. దిగుడులో రెండు కర్రలు వాడితే మోకాలి మీద భారం పాతిక శాతం దాకా తగ్గుతుందని కొలిచి చూసినవారు చెప్పారు. కర్ర నడుము ఎత్తు కన్నా కాస్త పొడవుండాలి, ముందు కర్ర ఆనించి తర్వాత అడుగు వేయాలి. అడుగులు చిన్నవి వేయాలి, మెట్లను ఏటవాలుగా దిగాలి.

చీలమండ బెణికితే ఆ రోజు విశ్రాంతి, గుడ్డలో చుట్టిన ఐసు పావుగంట చొప్పున, క్రేప్ కట్టు, కాలు ఎత్తులో పెట్టడం, ఇవి చాలు. ఎముక విరిగిందేమోనన్న అనుమానం ఎప్పుడు రావాలో 1992లో కెనడాలోని ఒటావా వైద్యులు ఒక సూత్రం చెప్పారు. నాలుగు అడుగులు కూడా వేయలేకపోయినా, చీలమండ గుబ్బ ఎముకను నొక్కితే నొప్పి పుట్టినా ఎక్స్‌రే తీయించాలి. ఈ ప్రాంతంలో పుత్తూరు కట్టుకు పెద్ద పేరుంది, జనానికి నమ్మకముంది. ఎక్కడ కట్టు కట్టించుకున్నా ముందు ఎక్స్‌రే చూసుకోవాలి. కట్టాక వేళ్లు నీలంగా మారినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా గంట కూడా ఆగకుండా కట్టు విప్పించాలి.

పాదం పైభాగాన ఒకే చోట నొప్పి పుట్టి, నడిచేకొద్దీ పెరుగుతూ, విశ్రాంతితో తగ్గి, మళ్లీ నడిస్తే తిరగబెడుతుంటే అది ఎముకలో సన్నని పగులు కావచ్చు. సైనికుల్లో ఈ సమస్యను 1855లోనే బ్రైట్‌హౌప్ట్ అనే ప్రష్యా సైనిక వైద్యుడు వర్ణించారు. మొదటి రెండు వారాలు ఎక్స్‌రేలో ఇది కనిపించకపోవచ్చు. దీనికి విశ్రాంతి తప్ప వేరే మందు లేదు.

నొప్పి మాత్రల విషయంలో జాగ్రత్త. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి ఎండలో నీరు తగ్గిన శరీరానికి ఇస్తే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. మాత్ర తప్పనిసరైతే పారాసిటమాల్ మేలు. నొప్పిని మాత్రతో అణచి అదే రోజు నడక కొనసాగించడం ఏమాత్రం మంచిది కాదు. ఉత్త నీళ్లే లీటర్ల కొద్దీ తాగకుండా ఉప్పు వేసిన మజ్జిగ, ఓఆర్ఎస్ కలుపుకోవాలి.

సేవా శిబిరాలు

శ్రీశైలం దారిలో కర్నూలు, ఆత్మకూరు పరిసరాల జనం కన్నడ భక్తులకు అన్నం పెట్టి, వేడినీళ్లతో కాళ్లు కడిగి, నూనె రాసి మర్దనా చేస్తారు. కులం, భాష, వయసు అడగకుండా ముక్కూ ముఖం తెలియనివారి పాదాలను ఒళ్లో పెట్టుకునే ఈ సేవ సీమ సంస్కారంలో అత్యున్నతమైనది. దానికి వైద్యపరంగా మరికొంత తోడైతే ఇంకా మేలు. బొబ్బ ఉన్న చోట, గాయం ఉన్న చోట మర్దనా చేయకూడదు. ఒక్క పిక్క మాత్రమే ఉబ్బి, వేడిగా, నొప్పిగా ఉంటే అసలు తాకకూడదు, లోపలి సిరలో నెత్తురు గడ్డ కట్టి ఉండవచ్చు, ఒత్తితే అది ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది. చక్కెర వ్యాధి ఉందా అని అడిగాకే వేడినీళ్లు పోయాలి. ఒకరి కాలు కడిగిన బేసిన్లో మరొకరి కాలు పెట్టించకూడదు. నూనె డబ్బా పక్కన కాగితపు టేపు, గాజు గుడ్డ, పొవిడోన్ అయొడిన్, ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉంటే ఆ శిబిరం సగం ఆసుపత్రితో సమానం.

బయలుదేరే ముందు

యాత్రకు ఆరు వారాల ముందు నుంచి నడక సాధన చేయాలి. రోజూ మూడు నాలుగు కిలోమీటర్లతో మొదలుపెట్టి, వారానికి కొంత పెంచుతూ, చివరికి యాత్రలో ఒక రోజు నడవబోయే దూరంలో ముప్పాతిక భాగం ఒకసారి నడిచి చూడాలి, అదీ యాత్రకు వేసుకోబోయే చెప్పులతోనే. మడమ పగుళ్లు ఉంటే ఈ ఆరు వారాల్లో రోజూ రాత్రి యూరియా కలిసిన క్రీము లేదా వాజిలైన్ రాసి మెత్తబరచాలి. నెత్తురొచ్చే పగుళ్లతో బయలుదేరకూడదు.

కాలి మీద ఎరుపు పైకి పాకుతున్నా, చలి జ్వరం వచ్చినా, పుండు నుంచి వాసన వచ్చినా, మూత్రం కాఫీ రంగులో వచ్చినా నడక మానేసి 108కి ఫోన్ చేయండి. మీ గుంపులో చక్కెర వ్యాధి ఉన్నవారిని యాత్రకు వారం ముందే దగ్గరి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లి పాదాల స్పర్శ పరీక్ష చేయించండి. స్పర్శ లేదని తేలితే వారిని బస్సులో ఒంటిమిట్ట తీసుకురండి.